అయిదూ పెట్టలే

జనవరి 19

తమ్ముడూ,

నీ అట్టపెట్టె చేరింది. కండక్టరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. దారి పొడుగునా లోపల్నించి కిచకిచలు వినిపిస్తుంటే, వీటికి టికెట్లు కొట్టావా అని వెనక సీట్లవాళ్ళు ఎగతాళి చేశారట. అయిదూ ప్రాణాలతో ఉన్నాయి. ఒకటి మాత్రం మూలకి ఒదిగి కదలకుండా ఉంటే దాని పని అయిపోయిందనుకున్నాను. పోనీ చూద్దామని తాకితే నా వేలే పొడిచింది. మెడ చుట్టూ ఎర్రగా ఉంది, అదే.

వెనకవైపు జాగా సంగతి నీకు ఇదివరకే రాశాను. మూడు పక్కలా గోడలు, ఒక కుళాయి, పైవాళ్ళు బట్టలారేసుకునే తీగలు. నా మిషను దగ్గరి కిటికీ అటే తెరుచుకుంటుంది కాబట్టి కుట్టుకుంటూనే కాపలా కాయొచ్చు. ఇంటావిడ ఒప్పుకుంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. "ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నా దగ్గరికొచ్చి ఈ కోళ్ళ గొడవేంటని అడిగారా, ఆ సాయంత్రానికల్లా గూడు ఎత్తెయ్యాలి" అంది. సరేనన్నాను. అడిగేవాళ్ళు ఎవరో కూడా నాకు తెలుసు. పై వాటాలో ఉండే ప్రెస్సాయన. రాత్రంతా ప్రెస్సులో కూర్చుని అచ్చుతప్పులు దిద్ది, తెల్లవారుజామున ఇంటికొచ్చి పడుకుంటాడు. దిద్దడం అక్కడితో ఆపితే బాగుండేది. ఇంటావిడ మెట్ల దగ్గర తగిలించిన బోర్డులో రెండు తప్పులున్నాయని నన్ను నిలబెట్టి చెప్తాడు, అదేదో నేను రాసినట్టు.

మీ బావ పెట్టెలోకి తొంగిచూసి, "ఇప్పుడు వీటిని మనం పెంచాలా, మనల్ని ఇవి పెంచుతాయా?" అన్నారు. ఈ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

పేర్లు పెట్టేశాను. బొత్తాం, కాజా, జేబు, కండె. ఎర్రమెడది కాలరు. దర్జీదాని ఇంట్లో ఇంతకంటే మంచి పేర్లు దొరకవు. రాత్రిళ్ళు చలికి ఏం చెయ్యాలో వెంటనే రాయి.

ఒక పోటు తిన్న వేలితో,
అక్క

ఫిబ్రవరి 2

అక్కకి,

పేర్లు చదివి నవ్వుకున్నాను. కోడికి కాజా అని పేరు పెట్టిన మనిషివి లోకంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు.

చలికి పెద్ద వైద్యం ఏమీ లేదు. పెట్టె మీద ఒక బల్బు వేలాడదియ్యి. పిల్లలన్నీ బల్బు కింద గుట్టగా చేరితే చలి ఎక్కువైందని అర్థం, కిందికి దించు. గోడలకి అంటుకుపోతే వేడెక్కువైందని, పైకెత్తు. అటూ ఇటూ తిరుగుతూ నిన్ను పట్టించుకోకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే. మనుషుల సంగతి కూడా ఇంతే అనుకో.

ఇక్కడ మా హేచరీకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వయసులో చిన్నవాడు. మనిషి మంచివాడే, చిక్కంతా అక్కడే ఉంది. అరిచే మనిషయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. నా పని నీకు తెలిసిందేగా. పుట్టిన రోజే పిల్లని అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, దీపం వెలుతురులో తోక కింద ఒక్క చూపు చూసి, పెట్ట అయితే కుడి బుట్టలో, పుంజు అయితే ఎడమ బుట్టలో వెయ్యాలి. కుడి బుట్ట గుడ్ల ఫారాలకి పోతుంది. అందులో పుంజులు కలిస్తే ఫారాలవాళ్ళు ఊరుకోరు. అందుకని ఈయన మా బుట్టలు తిరగేసి చూస్తున్నాడు. జూలైలో అందరికీ పరీక్ష పెడతాడట. తప్పులు ఎక్కువ పడినవాళ్ళు ట్రేలు కడిగే షెడ్డుకి పోవాలి. పరీక్ష మనకెందుకులే అనుకున్నవాళ్ళు ముందుగా చెప్పుకుంటే దాణా గిడ్డంగిలో కూర్చునే పని ఇస్తాడట. ఆ షెడ్డూ వద్దు ఆ గిడ్డంగీ వద్దు, నాకు నా దీపం చాలు.

నీకు పంపినవి అయిదూ పెట్టలే. అయినా మూడు నెలలు తిరిగేసరికి ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పుడు నువ్వు చూసి ఉన్నదున్నట్టు రాయి. ముఖ్యంగా ఆ ఎర్రమెడది. మరిచిపోకు. మొహమాటపడకు అని నీకు చెప్పక్కర్లేదనుకో. చిన్నప్పుడు నేను పాట ఎత్తుకుంటే లేచి వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చేదానివి.

బల్బు జాగ్రత్త, గడ్డికి తగలనివ్వకు.

నీ
తమ్ముడు

ఏప్రిల్ 20
(రాసి, పోస్టు చెయ్యనిది)

తమ్ముడూ,

ఈరోజు కాలరు కూసింది.

బోర్లించిన బకెట్టు ఎక్కి, మెడ సాచి, కళ్ళు మూసుకుని కూసింది. అది కూతలా కూడా లేదు, నూనె లేని తలుపు తెరిచినట్టుంది. కూశాక దానికే భయమేసి, ఎవరు అరిచారన్నట్టు అటూ ఇటూ చూసింది. మిగతా నాలుగూ తలెత్తనైనా లేదు. నెల్లాళ్ళుగా నాకు అనుమానంగానే ఉంది. నెత్తిన తురాయి మిగతావాటికంటే రెండింతలు ఉంది, తోకలో ఈకలు వంపు తిరిగాయి, కాళ్ళు నా బొటనవేలంత లావున్నాయి. ఇంక అనుమానం అక్కర్లేదురా, కాలరు పుంజే. ఇన్నేళ్ళకి నీ చేతిలో ఒకటి తప్పింది.

ఇంతవరకూ రాసి ఒకసారి చదువుకున్నాను. కొత్తాయన బుట్టలు తిరగేస్తున్నాడని రాశావు. అలాంటప్పుడు ఒక మెచ్చుకోలు మాట కోసం నా వంక చూస్తున్నవాడికి ఇలాంటి ఉత్తరం పంపితే

ఏప్రిల్ 22

తమ్ముడూ,

అయిదూ పెట్టలే. ముందు ఆ మాట రాసేస్తే మిగతా ఉత్తరం నువ్వు స్థిమితంగా చదువుకుంటావు. ఎర్రమెడది కూడా పెట్టే. నీ చెయ్యి తప్పడం ఏమిటి? ఆ సూపర్‌వైజరుకి నా మాటగా చెప్పు.

కాలరుకి మాత్రం గొంతు కొంచెం పెద్దది. దాని మూలంగానే అనుకుంటాను, మొన్న ప్రెస్సాయన కళ్ళు నులుముకుంటూ దిగి వచ్చాడు. నమస్కారం లేదు, బాగున్నారా లేదు. "అమ్మా, మీ కోడి నన్ను లేపుతోంది. నేను పడుకునేదే అప్పుడు" అన్నాడు. "చిన్నవి కదండీ, మెల్లిగా అలవాటు పడతాయి" అన్నాను. "ఎవరు? అవా, నేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కేశాడు. ఇక ఈయన వెళ్ళి ఇంటావిడ చెవిన వేస్తే నా గూటికి నూకలు చెల్లినట్టే. అప్పట్నించి ఇంటావిడ గేటు చప్పుడైతే నా కాలు మిషను మీద ఆగిపోతోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని.

స్కూలు యూనిఫారాల కుట్టుబడి మొదలైంది. ఇల్లంతా నీలం ముక్కలు. ఆ ముక్కలతో బొంతలు కుడదామని చూస్తున్నాను, కోళ్ళకి కూడా పనికొస్తాయి.

అన్నట్టు నీ అక్షరాలు ఈమధ్య గుమ్మడికాయలంత అవుతున్నాయి. మీ ఊళ్ళో కాగితాలకి కరువు లేదని నాకు చూపిస్తున్నావా?

అక్క

మే 4

అక్కా,

నీ ఉత్తరంలో మొదటి మాట చదివి, మడిచి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. వచ్చాక మళ్ళీ తీసి చూశాను. అదే మాట ఉంది. నువ్వు నవ్వుతావు గానీ, ఆ రోజు అన్నం కూడా మామూలుకంటే ఎక్కువ తిన్నాను.

దాణా గిడ్డంగి వద్దని సూపర్‌వైజరుకి చెప్పేశాను. "తొందరేం లేదు, ఇంకొంచెం ఆలోచించుకోండి" అన్నాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇంకో పని కూడా ఒకటి పెట్టుకున్నాను, దాన్నీ మానుకున్నాను. అది నీకు చెప్పాల్సినంత పెద్ద పనేం కాదు.

ఇక మీ ప్రెస్సాయన గురించి. పెట్టలు గుడ్డుకి రాబోయే ముందు కాస్త రాగాలు తీస్తాయి, తప్పదు. పెట్టాక ఇంకా తీస్తాయి, ఊరంతటికీ చాటుతాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా, గుడ్లు మొదలవగానే మొదటివి పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టడమే. మనిషిని మొహమాటంలో పడెయ్యాలి. మొహమాటంలో పడ్డవాడు ఫిర్యాదు చెయ్యడు. మా సూపర్‌వైజరుకి కూడా నేను రోజూ టీ నేనే అందిస్తున్నాను.

అక్షరాలు పెద్దవి కాలేదు, పాళీ మొద్దుబారింది. కొత్తది కొంటాను. గుమ్మడికాయలూ భుజాలూ నువ్వే తడుముకో.

కడుపు నిండిన
తమ్ముడు

జూన్ 18

తమ్ముడూ,

గుడ్లు మొదలయ్యాయి. ముందు బొత్తాం పెట్టింది, తరవాత కండె, వారం తిరక్కుండా కాజా, జేబు. కాలరు కూడా పెడుతోంది, రోజు విడిచి రోజు, కొంచెం లేత రంగువి. మీ బావ రోజూ పొద్దున్నే గూట్లో చెయ్యిపెట్టి చూసి, తరవాత నా మొహం చూసి, ఆఫీసుకి వెళ్తున్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా.

నువ్వు చెప్పినట్టే మొదటివి గిన్నెలో పెట్టుకుని మేడ మీదికి వెళ్ళాను. తీసుకుంటాడనే అనుకున్నాను. గిన్నె వంక చూసి, "నాకు గుడ్లు వద్దమ్మా, నిద్ర కావాలి" అన్నాడు. ఇంకా ఏదేదో అన్నాడు, అదంతా నీకెందుకు. నేను వెనక్కి తిరుగుతుంటే పిలిచి, "మా అమ్మాయి యూనిఫారంలో ఎడమ చెయ్యి పొట్టిగా ఉంది" అన్నాడు. చూడు, గుడ్డు పట్టుకెళ్తే దానిమీదా ఈకలు పీకాడు. ఒళ్ళు మండిపోయింది. "నా దగ్గర కుట్టించుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ ఆ మాట అనలేదు" అన్నాను. "అని ఉండరు" అన్నాడు.

కిందికొచ్చి ఆ అమ్మాయి చొక్కా తెప్పించి కొలిచాను. పొట్టిగానే ఉంది. ఇంట్లో కుట్టి ఉన్న మిగతావీ తీసి కొలిచాను. అన్నిటికీ అంతే. ఎడమ చేతికని అట్టతో కత్తిరించి పెట్టుకున్న కొలతముక్క ఎప్పుడో ఒక అంచు అరిగిపోయింది, నేను చూసుకోలేదు. పోయినేడు వచ్చినవాళ్ళు కొందరు ఈ ఏడు ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. అయినా ఆయన మీద కోపం పోలేదు. నిజమాడితే నిష్ఠూరం అంటారు, అది ఆడేవాడికి తగలాలి గానీ వినేవాళ్ళకి కాదు కదా.

చప్పుడు తగ్గించడానికి నా పాట్లు నేను పడుతున్నాను. కాలరుని చీకటి పడగానే గంప కింద పెట్టి, నీలం ముక్కల బొంతలు మడతలు పెట్టి కప్పుతున్నాను. వెలుతురు తగలకపోతే దానికి తెల్లవారిందని తెలియదు. ఎండెక్కాక తీస్తాను. నన్ను కోపంగా చూస్తూ బయటికొస్తుంది.

ఇంటావిడ ఇంతవరకూ ఏమీ అనలేదు. ప్రెస్సాయన ఆవిడకి చెప్పకుండా ఎందుకు ఆగాడో నాకు అంతుపట్టడం లేదు.

అక్క

జూన్ 30

అక్కా,

వచ్చే సోమవారం, ఏడో తారీకున పరీక్ష. ఒక కొత్త పెట్టె విప్పి ముందు పోస్తారు, నేను విడదియ్యాలి, వాళ్ళు వెనక మళ్ళీ చూస్తారు. భయమేమీ లేదు. ఎందుకు లేదో ఇప్పుడు చెప్పొచ్చు. చెప్తే నువ్వు తిడతావని ఇన్నాళ్ళూ ఆగాను.

చలికాలం మొదట్నించీ దీపం కింద నాకు మసకగా ఉంటోంది. చేతికి అలవాటు కాబట్టి నడిచిపోతోంది గానీ, ఒక్కోసారి చూసి చెప్తున్నానో, అలవాటు కొద్దీ చెప్తున్నానో నాకే తెలియడం లేదు. ఎవర్ని అడగను? పక్కవాణ్ణి అడిగితే షెడ్డంతా తెలుస్తుంది. సూపర్‌వైజరు మంచివాడు కాబట్టి నిజం చెప్పడు. అందుకని జనవరిలో ఒకరోజు, నాకు బాగా అనుమానం తగిలిన పిల్లని ఒకదాన్ని ఏరాను. ఎర్రమెడది. పెట్టే అని నా చెయ్యి అంది, కంటికి తెలియలేదు. మిగతా నాలుగూ తోడు పెట్టి నీకు పంపాను. నువ్వయితే ఉన్నదున్నట్టు రాస్తావు. అది పుంజని రాస్తే దీపం దగ్గర్నించి లేచి, గిడ్డంగికి వెళ్ళిపోయి, కళ్ళ డాక్టరుకి చూపించుకుందామని అనుకున్నాను. నేను మానుకున్న పని అదే.

నువ్వు పెట్టే అన్నావు. ఇప్పుడు గుడ్లు కూడా పెడుతోందని రాశావు. అంటే కన్నూ నిలిచే ఉంది, చెయ్యీ నిలిచే ఉంది. వయసొచ్చిన మనిషికి ఆ మాత్రం మసక మామూలేనట, మా పక్క గదిలో వంటాయన కూడా అన్నాడు.

పరీక్ష ఎవరు పెడితే ఏంటి, నా పరీక్ష ఎప్పుడో అయిపోయింది. నువ్వే పెట్టావు, నువ్వే పాసు చేశావు.

మీ ప్రెస్సాయనతో ఎక్కువ మాటలు పెట్టుకోకు. అలాంటివాళ్ళు ఎవరికీ అక్కరకు రారు.

తమ్ముడు

జూలై 5

తమ్ముడూ,

కాలరు పుంజు. అది మొదటి రోజు కూసినప్పుడే నాకు తెలుసు. అది ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు. నేను నీకు రాసినవన్నీ అబద్ధాలు. పరీక్షకి కూర్చోకు.

నీ ఉత్తరం ఇందాకే చేరింది. చదివి, మిషను మీదున్న గుడ్డ అలాగే వదిలేసి, పోస్టాఫీసుకి పరుగెత్తి మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఈరోజు గుడ్లలోంచి పిల్లలు దిగే రోజు, షెడ్డులోంచి ఎవర్నీ పిలవం అన్నాడు గుమాస్తా. నీ కళ్ళ సంగతి వాడికెలా చెప్పను? "అక్క ఫోన్ చేసిందని, ఉత్తరం వస్తోందని, అది చూసేదాకా పరీక్షకి కూర్చోవద్దని చెప్పండి" అన్నాను. రాసుకున్నానన్నాడు.

ఎందుకు చేశానంటే, నువ్వు పొగడ్త కోసం అడుగుతున్నావనుకున్నాను. తప్పుంటే పట్టి చూపమని అడుగుతున్నావని నాకు తట్టలేదు. చిన్నప్పటిలా మొహం మీద చెప్పేస్తే, ఈ వయసులో, ఒంటరిగా గదిలో కూర్చుని ఏం బాధపడతావోనని జాలిపడ్డాను. ఆ జాలి ఎంత చెడ్డదో ఇప్పుడు తెలుస్తోంది. పుంజని రాసిన ఉత్తరం మిషను సొరుగులో ఉంది, పోస్టు చెయ్యలేదు. ఆ రోజే చేసి ఉంటే నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉండేవాడివి.

ఇది ఇప్పుడే డబ్బాలో వేస్తున్నాను. సోమవారం లోపల చేరాలి.

అక్క

జూలై 10

అక్కకి,

ఈ ఉత్తరం వంటాయన రాసిపెడతానన్నాడు, వద్దన్నాను. అక్షరాలు నీకిప్పుడు ఎందుకు పెద్దవో తెలుసు కాబట్టి ఇంకా పెద్దవే రాస్తాను.

గుమాస్తా నాకు సోమవారం పొద్దున్న చెప్పాడు. "మీ అక్కయ్యగారు ఫోన్ చేశారు, పరీక్ష బాగా రాయమన్నారు" అన్నాడు. వాడి తప్పేం లేదు, పరీక్ష అనే మాట గుర్తుంది, మిగతాది వాడే కలుపుకున్నాడు. నేను సంతోషంగా వెళ్ళి కూర్చున్నాను. తొందరగా కూడా ముగించాను. వాళ్ళు నా కుడి బుట్ట తిరగేశారు. అందులో కలిసిన పుంజుల్ని కొన్నిటి దాకా పైకి లెక్కపెట్టి, తరవాత మనసులో లెక్కపెట్టుకున్నారు. సూపర్‌వైజరు నన్ను పక్కకి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని, "గిడ్డంగి పని పోయిన నెల ఇంకొకరికి ఇచ్చేశానండీ" అన్నాడు. ఆయనకి నాకంటే ఎక్కువ బాధగా ఉంది. ఇప్పుడు ట్రేల షెడ్డులో ఉన్నాను. ట్రేలు కడగడానికి చూపుతో పెద్దగా పని లేదు, చేత్తో తడిమితే తెలుస్తుంది.

నీ ఉత్తరం ఆ సాయంత్రం వచ్చింది.

కోపం వచ్చింది. రాలేదని రాస్తే నేను కూడా నీలాగే రాసినట్టవుతుంది. రెండు రోజులు చాలా కోపంగా ఉన్నాను. మూడో రోజు ఇక్కడి డాక్టరుకి చూపించుకున్నాను. లైటు వేసి చాలాసేపు చూశాడు. ఎడమ కన్ను చెయ్యి దాటిపోయిందన్నాడు. కుడిది ఇంకా ఉంది, దాన్ని ఆపొచ్చేమో, కంటి ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. అది ఇక్కడికి రెండు గంటల దారి. ఒంటరిగా వెళ్ళొద్దన్నాడు. ముందు వచ్చి ఉంటే అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. ఆయన కూడా మంచివాడే.

సరే, ఇప్పుడు విషయానికి వస్తాను. డాక్టర్లు రోగికి సగమే చెప్తారు. రెండో సగం వెంట వచ్చిన మనిషికి చెప్తారు. ఆ రెండో సగం నాకు మార్చకుండా చెప్పే మనిషి కావాలి. నువ్వు వద్దు. నీకు నామీద ప్రేమ ఎక్కువ. మీ ప్రెస్సాయన వస్తాడేమో అడుగు. అలాంటివాళ్ళు ఎవరికీ అక్కరకు రారని రాశాను, దాన్ని కొట్టేసుకో.

కాలరుని ఏం చేద్దామనుకుంటున్నావు? కోసి పంచిపెట్టకు. నాకు పంపెయ్యి. ఇన్ని నెలలూ మీ ఇంట్లో రోజూ పొద్దున్నే లేచి నిజం చెప్పింది అదొక్కటే. దానిమీద బొంతలు కప్పానని నువ్వే రాశావు. ఇక్కడ ఎవరూ ఏమీ కప్పరు. పొద్దున్నే దీపం వెయ్యాలా అక్కర్లేదా అన్నది నాకు ఇక ముందు ఎవరో ఒకరు చెప్పాలి కూడా.

తమ్ముడు

జూలై 14

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. మీ బావ పక్కన కూర్చుని, "మన కోడి కూయకపోతే తెల్లవారదు అనుకునేవాళ్ళు ఉంటారని విన్నాను. కూస్తున్నదాని నోరు నొక్కి, తెల్లవారలేదనుకున్నది నువ్వే" అన్నారు. నేను దాస్తున్నానని ఆయనకి మొదట్నించీ తెలుసట. ఎందుకు చెప్పలేదంటే, నేను బాధపడతానని అన్నారు. మన ఇంట్లో అందరిదీ ఒకటే జబ్బు.

ఆ సాయంత్రం ఖాళీ చేతులతో మేడ మీదికి వెళ్ళాను. "అది పుంజేనండీ. మీరు ఆ రోజే చెప్పారు, కాదన్నాను" అన్నాను. గుడ్లు పట్టుకెళ్ళిన రోజు ఆయన ఇంకా ఏదేదో అన్నాడని రాశాను కదా, "మీది పెట్ట కాదమ్మా, పుంజు. మీకూ తెలుసు" అన్నాడు. అది నీకు రాయకుండా మింగాను. ఇప్పుడేమో ఆశ్చర్యపోకుండా, "కూర్చోండి" అన్నాడు. ఇంటావిడకి ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్ను లేపుతోంది మీ కోడి. చెప్పాల్సింది మీకు. ఆవిడకి చెప్పడం దేనికి?" అన్నాడు. మూడు నెలలుగా నేను ఆవిడ గేటు చప్పుడుకి ఉలిక్కిపడుతున్నది ఈ మనిషి మూలంగానా అనిపించింది.

నీ సంగతి మొదట్నించి చివరిదాకా చెప్పాను. నా అబద్ధాలు కూడా వదలకుండా చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విని, "నాదీ కళ్ళతో బతికే పనే. ఇరవై ఒకటి, సోమవారం సెలవు పెడతాను" అన్నాడు. తరవాత, "డాక్టరు ఏమంటే అదే చెప్తాను. తగ్గించడం నాకు చేతకాదు. మీ తమ్ముడు తట్టుకుంటాడా?" అని అడిగాడు. అడిగింది నువ్వే కాబట్టి తట్టుకుంటావన్నాను. లేచి వస్తుంటే, "అమ్మాయి చొక్కా చెయ్యి ఇప్పుడు సరిపోయింది. రెండో బొత్తాం వదులుగా ఉంది" అన్నాడు. సూదీ దారం తెప్పించుకుని అక్కడే బిగించి వచ్చాను.

నన్ను వద్దన్నావు. అయినా వస్తున్నాను. డాక్టరు గదిలోకి ఆయన వస్తాడు. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు పిలిస్తే లోపలికి వస్తాను, పిలవకపోతే అక్కడే ఉంటాను. నీ ఎడమ కన్ను పోవడానికి నా రాత కొంత కారణం. నువ్వు కాదన్నా అది కాకుండా పోదు, అవునన్నా నేను ఏమీ అనను.

నాలుగు పెట్టలూ ఇక్కడే ఉంటాయి. కాలరుని తెస్తున్నాను. ఆదివారం మొదటి బస్సు. కండక్టరు అప్పటి ఆయనే. పిల్లప్పుడు ఒళ్ళో పెట్టుకొచ్చింది నేనే, ఇప్పుడు మాత్రం టికెట్టు కొట్టాల్సిందే అన్నాడు. కొట్టమన్నాను. గంప నాకూ ప్రెస్సాయనకీ మధ్య సీట్లో ఉంటుంది. ఆయన రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా బస్సు దగ్గరికే వస్తాడు, దారిలో పడుకుంటానన్నాడు. పుంజు పక్కన పడుకోవడం కుదరదండీ అంటే, "నాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

గంప మీద ఈసారి బొంత కప్పను. బస్సులో కూస్తే కూయనీ.

అక్క